తెలుగు బైబిలులో మన యింటి మాటలు

చేట, కుంచము, కళ్లము, తిరుగటిరాయి, పుల్లని పిండి, గోనెపట్ట. ఈ మాటలు ఏ పాకశాస్త్రములోనివో, ఏ వ్యవసాయపు పుస్తకములోనివో యని సోదరీమణులు తలపవచ్చును. ఇవి యన్నియు తెలుగు బైబిలులోని మాటలు. కడప, కర్నూలు మండలములలో ఆదివారము ప్రొద్దున క్రైస్తవ దేవాలయములలో చదువు గ్రంథమున నివి తఱచుగా వినవచ్చును. సీమదొరలును, జర్మను పాదిరులును, మన పండితులును గూడి తరతరములు దిద్ది దిద్ది వ్రాసిన గ్రంథములోనికి మన వంటయింటి మాటలు, మన చేని మాటలు ఎట్లు చేరినవో తెలిసికొనుట, ఇంటనుండి చదువుకొను మనవంటివారికి పనికివచ్చు సంగతియే యని మాకు తోచినది. మేము ఆ మతస్థులము కాము. తిక్కనగారి భారతమును, పోతనగారి భాగవతమును మా తండ్రిగారి యొద్ద చదివి పెరిగినవారము. కావున నిందు మతవిచారము లేదు; భాషావిచారమే కలదు.

ఆ పని మన సీమకు రాకమునుపే వేఱుచోట్ల మొదలైనది. బైబిలును తెలుగున దింపుటకు మొదట పూనినవాడు బెంజమిన్ షుల్జ్ అను జర్మను పాదిరి. ఆయన 1719లో తరంగంబాడికి వచ్చి, 1726లో చెన్నపట్టణము చేరి, తెలుగు నేర్చి, 1732 నాటికి గ్రంథమునంతయు తెనిగించెను. అంత శ్రమపడి వ్రాసిన యా గ్రంథము అచ్చు కాకయే నిలిచిపోయినది. ఆయన స్వదేశమునకు మరలిన పిదప హాలే పట్టణములో 1746, 1747 సంవత్సరములలో కొన్ని చిన్న పుస్తకములు మాత్రము తెలుగు లిపిలో నచ్చొత్తించెను. తెలుగక్షరములు మొదట అచ్చుపడినది గోదావరీతీరమున గాదు, పెన్నాతీరమున గాదు. తెలుగు మాట చెవిని బడని జర్మనీ దేశమున!

షుల్జ్ తెనిగింపు ముగిసిన డెబ్బదియేండ్లకు పైబడిన కాలమునకు, 1805లో, లండను మిషను సంఘమువారగు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజ్ అను నిరువురు విశాఖపట్టణమునకు వచ్చిరి. వారికి తోడ్పడినవాడు ఆనందరాయరు అను మహారాష్ట్ర బ్రాహ్మణుడు, అప్పటికే క్రైస్తవుడైనవాడు. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మన యెండలకు, మన జ్వరములకు తాళలేక గతించిరి. వారు తెనిగించిన మూడు సువార్తలు 1812లో వంగదేశమునందలి శ్రీరామపురమున అచ్చైనవి. ఆ యేడే మార్చి 11వ తేదీ రాత్రి ఆ ముద్రాశాల తగులబడి యనేక భాషల అక్షరములును, వ్రాతప్రతులును బూడిదయైనవి. ఆ ముద్రాశాల పెద్దయగు విలియం కేరీ మఱల మొదటినుండి పని నారంభించి 1814లో తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్తనిబంధనమును వెలువరించెను. ఆ 1818లోనే విశాఖపట్టణపు పాదిరి ఎడ్వర్డ్ ప్రిచెట్ తెనిగించిన క్రొత్తనిబంధనము చెన్నపట్టణమున వేఱుగా వెలువడినది. ఒక్క గ్రంథమునకు ఒక్క యేట రెండు తెలుగులు! దొరల పేర్లు పుస్తకములపై నిలిచినవి. ప్రక్కన కూర్చుండి, "ఈ మాట తెలుగున చెల్లదు, ఈ మాట చెల్లును" అని చెప్పిన పండితులలో ఆనందరాయరు పేరు నిలుచుటయే విశేషము. తక్కినవారి పేర్లు ఆ తాటాకులతోనే పోయినవి.

ఇక మన సీమ. నైజాము నవాబు 1800లో ఇంగ్లీషువారికి దత్తము చేసిన మండలములలో బళ్ళారి, కడప చేరియుండెను. కర్నూలు మాత్రము 1839 వఱకు నవాబు చేతిలోనే యుండెను. లండను మిషను సంఘమువారి జాన్ హాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చి కన్నడ బైబిలు పనికి పూనెను. బళ్ళారి రెండు భాషల ఊరు. వీధిలో కన్నడము, సంతలో తెలుగు, రెండును కలిసిన మాట ఇంటిలో. ఆ బళ్ళారి మిషను నుండియే విలియం హోవెల్ 1822లో కడపకు వచ్చి, అచ్చట సంఘమును, బడులను నెలకొల్పెను. మన తెలుగున మొట్టమొదటి మాసపత్రిక "సత్యదూత" యనియు, అది 1835లో బళ్ళారి క్రైస్తవులు వెలువరించినదనియు పత్రికల చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. మాసపత్రిక చేతబట్టిన మనము ఆ సంగతిని మఱవరాదు.

ఆ పాదిరులు వచ్చినప్పుడు చదువరులెవరు? దీనికి మంచి సాక్ష్యమొకటి కలదు. చెన్నపురి గవర్నరు మన్రో దొర 1822లో జిల్లాలన్నిటను బడుల లెక్క తీయుమని యాజ్ఞాపించెను. బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో జవాబు పంపెను. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో నిఘంటువును వెలువరించిన దొర. తెలుగు సంగతి తెలియక వ్రాసినవాడు కాడు. ఆయన లెక్క ప్రకారము ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది చదువువారు. వారిలో ఆడపిల్లలెందఱు? అఱువది మంది. జిల్లా యంతటికిని అఱువదియే!

ఆ జాబులోనే ఇంకొక సంగతి కలదు. బడులలో చదువు పుస్తకములు పద్యములనియు, వాని భాష వాడుక భాషకు మిక్కిలి దూరమనియు, పిల్లలు పద్యముల నొప్పజెప్పుదురే కాని యర్థమెఱుగరనియు కాంబెల్ వ్రాసెను. ఈ మాట మొదట చదివినప్పుడు మాకు కొంచెము కోపము వచ్చినది. కోపము తగ్గిన పిదప లెక్క చూచుకొంటిమి. గజేంద్రమోక్షము మాకు ఏడవయేట కంఠస్థము. దాని తాత్పర్యము మా తండ్రిగారు విప్పిచెప్పినది పదునాల్గవయేట. ఆ నడిమి యేడేండ్లు ఆ పద్యముల నాదమే మాకు తోడుగా నుండెను. ఆ నాదమునకు విలువ లేదని మేమనము. అయినను తండ్రి పండితుడు కాని పిల్లకు ఆ పదునాల్గవయేడు వచ్చునా?

పాదిరులకు ఈ చిక్కే ఎదురైనది. వారి గ్రంథము వినినవెంటనే తెలియవలెను. లేకున్న వారు వచ్చిన పని నెఱవేఱదు. మంచి తెలుగు కావలెనని పండితుని నడిగిన, పండితుడు ప్రబంధపు తెలుగు చెప్పును. అది చదివి సభ మెచ్చును, సంత నవ్వును. సంతలోని మాట వ్రాసిన, సంతకు తెలియును, పండితుడు పుస్తకమును చేతితో ముట్టడు. అప్పటికి అందఱును మెచ్చి యనుసరించు వచనమన్నది మనకు లేదు. పురాణవచనములు, కైఫీయతులు, కరణముల కవిలెలు, ఉత్తరములు గలవు గాని, పిల్లలు మొదలు పెద్దలవఱకు చదువుకొను గద్యగ్రంథము మాదిరిగా దొరకదు. చిన్నయసూరిగారి నీతిచంద్రిక వెలువడినది 1853లో. అనగా రెండు క్రొత్తనిబంధనములు అచ్చైన ముప్పదియైదేండ్లకు. కాబట్టి ఆ దొరలును వారి పండితులును తమ దారి తామే తొక్కిరి. క్రియలు గ్రంథమువి, వస్తువులు ఇంటివి. "చెప్పెను, వచ్చిరి" యని వాక్యము ముగియును. నడుమ చేటయు కుంచమును నుండును. అటుపిమ్మట దిద్దినవారు పెక్కుమంది. విశాఖపట్టణమున జాన్ హే ఆ పనిలోనే ఏండ్లకేండ్లు గడిపెను. ఎవరెంత దిద్దినను ఈ కలగలుపు మాత్రము పోలేదు. అదియే దాని బలమని మా యభిప్రాయము.

ఇప్పుడు వాడుకలో నున్న ప్రతిని మేము తెప్పించి చదివితిమి. మంచిచెడ్డలను విభజించు దేవునిచేత నున్న సాధనము చేట. ఆయన శుభ్రపఱచు చోటు కళ్లము. మన సీమలో మాఘమాసమున గాలి వాటము చూచి తూర్పారబట్టు స్త్రీకి ఇంతకంటె వ్యాఖ్యానమేల? పిండిని పులియజేయు పదార్థమునకు పుల్లని పిండి యనిరి. దోసెపిండి పొంగుట చూచిన మన కది వెంటనే తెలియును. ఇరువురు స్త్రీలు తిరుగలి విసరుచుందురు. ఊళ్లలో ఆ రాయి మూలబడినను, దాని చప్పుడు మఱవని యవ్వలింకను గలరు. దీపమును మూయు కొలపాత్రకు కుంచమనిరి. ఇచ్చట మాకొక చిన్న మాట. కుంచమన్నది మన సీమ నోట తక్కువగా వినబడును. పడి, శేరు అన్నవి మనకు దగ్గఱ. మొదటి పని విశాఖపట్టణమున జరిగిన గ్రంథమునకు ఆ తీరపు వాసన కొంత యుండుట వింతకాదు. మన ప్రాంతపు క్రైస్తవులు రెండు శతాబ్దములుగా మన మాటతోపాటు ఆ తీరపు మాటలను గూడ నేర్చికొనిరి.

మన దేశమున లేనివి కొన్ని యట్లే నిలిచినవి. స్నానసంస్కారమునకు గ్రీకుమాటనే తిప్పి బాప్తిస్మమనిరి. రోమకుల నాణెము దేనారముగనే యున్నది. ఇవి తెలియకున్నను కథ యాగదు గనుక చిక్కులేదు. తెలిసినట్లే యుండి తప్పుదోవ బట్టించు మాటలతోనే చిక్కు. గోధుమచేనిలో శత్రువు రాత్రివేళ కలుపువిత్తులు చల్లిపోయిన కథ యొకటి గలదు. ఆ కలుపు గోధుమవలెనే యుండును. వెన్ను పుట్టువఱకు పోల్చుకొనలేము. కనుకనే కోతవఱకు రెండింటిని ఎదుగనిండని యజమానుడు చెప్పును. కథ యంతయు ఆ పోలికమీదనే నిలిచినది. తెలుగున దానికి గురుగులనిరి. గురుగన్న మన సీమ స్త్రీకి చూపించవలెనా? ఆమడదూరమునుండి పోల్చును, లేతగా నున్నప్పుడు కోసి పప్పులో వేయును. మా పొరుగున క్రైస్తవ వృద్ధురాలొకతె గలదు. కొఱ్ఱచేలలో, జొన్నచేలలో ఏండ్లతరబడి కలుపుతీసిన చేయి ఆమెది. ఈ కథను గూర్చి యడుగగా నవ్వి, "పైరుకూ గురుగుకూ తేడా తెలీకుండా పోతాదా తల్లీ, కలుపు తీసేదానికి?" అన్నది. దొరకు గాని పక్కనున్న పండితునికి గాని చేనిలో వంగి పనిచేసిన యలవాటు లేదు. కలుపుతీయు నామె నొక్కమాట యడిగియున్న వేఱుపేరు దొరకియుండును.

వస్తువుల పేర్లకంటె కష్టమైనవి మన సర్వనామములు. ఇంగ్లీషున "మేము", "మనము" అను రెండింటికిని ఒక్కటే మాట. తెలుగున ఎదుటివానిని కలుపుకొనుటయా, విడుచుటయా యని ప్రతివాక్యమందును తేల్చుకొనవలెను. దేవుని ప్రార్థించునప్పుడు "మా తండ్రీ" యనవలెను. "మన తండ్రి" యన్నచో ప్రార్థన పోయి పక్కవానితో ముచ్చటయగును. ఉపదేశించునప్పుడు "మనము" అనవలెను. "మేము" అన్నచో వినువారు వాకిటనే నిలిచిపోవుదురు. ఈ తేడాను పరదేశీయునికి బోధించిన పండితునకు మేము చేతులు మోడ్చుచున్నాము. ఇంటికి క్రొత్తగా వచ్చిన కోడలు "మీ యింట", "మన యింట" అను రెండుమాటల నడుమ ఎన్నినెలలు తడబడునో మనకు తెలియనిది కాదు.

అట్లే మర్యాద. ఇంగ్లీషున రాజునకును బంటునకును ఒక్కటే సర్వనామము. తెలుగు బైబిలున యేసు సాధారణముగా ఆయనయే. గ్రుడ్డివాడు, కుంటివాడు వాడే. ఇది మాకు కొంచెము కష్టముగా నున్నది గాని, ఆ కాలపు వ్రాత యట్టిది. స్త్రీల విషయమున మాత్రము మేము చదువుచు చదువుచు నాగిపోయిన చోటొకటి గలదు. యోహాను సువార్తలో యేసు తన తల్లిని పిలుచునప్పుడును, నూతికడ నన్యజాతి స్త్రీని పిలుచునప్పుడును, తప్పుచేసినదని రాళ్లతో కొట్టుటకు ఈడ్చుకొని వచ్చిన స్త్రీని పిలుచునప్పుడును మూలములో నున్నది ఒక్కటే మాట; దాని యర్థము "స్త్రీ" యని. ఇంగ్లీషువారు దాని నట్లే యుంచిరి. తెలుగున "ఓ స్త్రీ" యన్నచో తల్లిని పిలిచినట్లుండదు, తిట్టినట్లుండును. తెనిగించినవారు "అమ్మా" యనిరి. తల్లికి ఆ పిలుపు తప్పనిసరి. కాని ఆ మాటనే కడమ యిద్దఱకును ఉంచిరి. వీధి నడుమ మగవారందఱు రాళ్లు పట్టుకొని చుట్టియుండగా, తలవంచుకొని నిలిచిన యామెను "అమ్మా" యని పిలుచుట మూలమున లేదు, ఇంగ్లీషున లేదు, తెలుగున నున్నది. కూరగాయలమ్మును, బిచ్చగత్తెను, ముక్కుముఖము తెలియని దానిని గూడ అమ్మా యని పిలుచు మన వీధి మర్యాదనుండి వచ్చిన మాట యది. దానిని ఆ చోట నుంచవలెనని చెప్పిన పండితుడెవరో గాని, మాకాతని పేరు తెలిసిన బాగుండునని యనిపించినది.

దోషములు లేకపోలేదు. "చేయబడెను, చెప్పబడెను, పిలువబడినవారు" అని ప్రతి పుటలోను బడుధాతువు బరువు. మన యిండ్లలో "అన్నము వండబడినది" యని యెవరందురు? ఇంగ్లీషు వాక్యమును చేతబట్టుకొని దాని వెంట నడచుటచే వచ్చినదిది. తరువాత ఈ జాడ్యము మన పత్రికలకును, కచేరీ కాగితములకును అంటినది. వాక్యము మధ్య కర్త యెవరో మఱచిపోవునంత పొడవైన సమాసవాక్యములును గలవు. బిగ్గఱగా చదువునప్పుడు ఊపిరి చాలదు.

చదివినవారెవరన్న సంగతికి వత్తము. పందొమ్మిదవ శతాబ్ది నడిమినాళ్లనుండి జమ్మలమడుగు, ముత్యాలపాడు ప్రాంతములలో ఈ గ్రంథమును చేతబట్టినవారు ఎక్కువమంది మాలపల్లెలవారు. అంతవఱకు బడి యరుగు ఎక్కనీయనివారికి అక్షరము ఈ పుస్తకముతో వచ్చినది. మన పెద్దలు దాచుకొన్న భారతభాగవతములు వారి గుడిసెలకు పోలేదు, పోనీయలేదు. మతము మార్చుటకే పాదిరులు చదువు చెప్పిరని యందురు. నిజమే, వారును దానిని దాచలేదు. మార్చకయే చెప్పుటకు మనవారు పూనియున్న ఎవరు వలదనిరి?

ఆ పిమ్మట ఉపదేశకురాండ్రు ఇండ్లకు రాసాగిరి. బైబిలు స్త్రీలని వారికి పేరు. మగవారు పనులకు పోయిన మధ్యాహ్నవేళ వీధి యరుగుమీద కూర్చుండి, కుట్టుపనియు, అక్షరములును నేర్పి, నడుమ తమ పుస్తకము చదివి వినిపించెడివారు. మా జేజి చెప్పిన కథ యొకటి గలదు. ఆమె తల్లి చిన్ననాట వారి యింటికి అట్టి యుపదేశకురాలొకతె వచ్చెడిదట. ఇంటి పెద్దలు లోనికి రానీయలేదు. అరుగుమీద చాపవేయుటకు మాత్రము ఒప్పుకొనిరి. మా జేజి తల్లి మొదటిదినమే, "అచ్చరాలు నేర్పు తల్లీ, కతలు మాకుండాయి" అన్నదట. ఉపదేశకురాలు నవ్వి, అట్లే కానిమ్మని పలకమీద అ, ఆలు దిద్దించినదట. ఆరునెలల పిదప మా జేజి తల్లి ఆ యక్షరములతో మొదట చదివినది ఇంట నటుకమీద నున్న రామాయణము. ఉపదేశకురాలు దానికి చిన్నబోలేదట. మఱుసటి వారమును వచ్చి, చాపమీద కూర్చుండి, ఈమె చదువుచుండగా తాను వినెనట. ఆ యుపదేశకురాలి పేరు మా యింట నెవరికిని జ్ఞాపకము లేదు. మా చదువునకు మొదలు మాత్రము ఆ చాపయే.

కడపలో ఈ పనికి దాపుననే మఱియొక పని జరిగినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను పాదిరి కాడు, కంపెనీ యుద్యోగి. కాని కలకత్తాలో పాదిరియైన డేవిడ్ బ్రౌను కుమారుడు. 1820లో కడప కలెక్టరుకు సహాయుడుగా వచ్చి యిచ్చట తెలుగున నేర్పు గడించెను. 1826లో మఱల కడపకు వచ్చినప్పుడు బంగళా కొని, పండితులను కూర్చి, తన జీతమునుండి వారికి జీతములిచ్చెను. అది చాలనప్పుడు అప్పుచేసెను. ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని తాళపత్రప్రతులు తెప్పించి, కాగితముమీద నెత్తివ్రాయించి, పాఠములు సరిపోల్చి, శుద్ధప్రతి సిద్ధపఱుచుట వారి పని. జూలూరి అప్పయ్య మొదలగు పండితులు ఇందు ప్రసిద్ధులు. 1829లో వేమన పద్యములు ఇంగ్లీషు అనువాదముతో వెలువడినవి. 1852 నాటి బ్రౌను నిఘంటువు నచ్చొత్తించినది క్రైస్తవ జ్ఞానప్రచార సంఘమువారు. ఆ పుస్తకము నేడు తెలుగు చదువువారందఱ యిండ్లకును వచ్చినది. మా యింట నున్న ప్రతి మా వారు పాత పుస్తకముల యంగడిలో కొన్నది. అట్ట ఊడినను అక్షరము చెడలేదు. బ్రౌను ఇంటి మాటలను విడువలేదు. సామెతలు, వాడుకమాటలు, పల్లెపలుకులు సంస్కృతపదముల సరసనే కూర్చుండబెట్టెను. మేము "గురుగు" అను మాటకు అర్థము వెదకినదియు మొదట అందులోనే.

బ్రౌను 1884లో లండనులో గతించెను. కడపలో ఆయన బంగళా శిథిలమైన చోట, ఎఱ్ఱముక్కపల్లెలో, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి కృషిచే ఆయన పేర గ్రంథాలయము వెలసినది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చేరిన భాషాపరిశోధనకేంద్రము. తాళపత్రములు, పాత పుస్తకములు అచ్చట గలవు. పెండ్లిండ్లకో, దేవుని కడప దర్శనమునకో కడప పోవు సోదరీమణులు ఒక పూట మిగుల్చుకొని చూచి రావచ్చును. పిల్లలను వెంటబెట్టుకొని పోయిన మఱియు మంచిది.